వీధిపోటు ఇంటికి ధర పెంచాను

2023 వేసవి. తమిళనాడులోని మా ధర్మపురిలో ఇళ్ళు అమ్మేవాళ్ళు ఎక్కువై, కొనేవాళ్ళు కరువైన కాలం. ఊరి చుట్టూ కొత్త లేఅవుట్లు లేచాయి, బ్యాంకు వడ్డీలు పెరిగాయి. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు టీ తాగి, "ఇంట్లో అడిగి చెప్తాం" అని వెళ్ళేవారు. మళ్ళీ ఫోనెత్తితే ఒట్టు. నేను ఇళ్ళ బ్రోకర్ని. ఆడది బ్రోకరేమిటని మొదట్లో నవ్వినవాళ్ళ ఇళ్ళు కూడా తర్వాత నేనే అమ్మిపెట్టాను. ఆ సంగతి అలా ఉంచండి.

ఆ వేసవిలోనే సరోజక్క తన ఇల్లు అమ్మిపెట్టమని నా దగ్గరికి వచ్చింది. బస్టాండు వెనక అద్దె కొట్టులో ఆమెకు పిండి మిల్లు ఉంది. భర్త పోయాక ఆ సంసారాన్ని నిలబెట్టింది ఆ మిల్లే. ఇప్పుడు ఓనరు ఆ కొట్టు అమ్మేస్తున్నాడు. మొదటి మాట ఆమెకే ఇచ్చాడు గానీ, తమిళుల ఆడి నెల పోయి ఆవణి పుట్టేలోగా, అంటే ఆగస్టు సగానికల్లా, అడ్వాన్సు చేతిలో పెట్టాలన్నాడు. లేదంటే పక్క బేకరీవాళ్ళు కొని, మిల్లు ఎత్తించేస్తారు.

"ఇల్లు పోతే బాడిగింట్లో ఉంటా. మిల్లు పోతే ఏమి తిని బతికేది, నువ్వే చెప్పు?" అంది.

ఇల్లు బంగారంలాంటిది. గట్టి గోడలు, ఎండని బోరు, మెట్లెక్కే పని లేని ముందు గది. చిక్కు ఒక్కటే: వీధిపోటు. ఎదురు వీధి నేరుగా వచ్చి ఆ గేటుకే తగులుతుంది. తమిళంలో తెరుకుత్తు అంటారు. దానికి విరుగుడుగా మా ప్రాంతంలో కాంపౌండు గోడలో గూడు కట్టి పిళ్ళయార్‌ని, అంటే మన వినాయకుణ్ణి, కూర్చోబెడతారు. సరోజక్కా కూర్చోబెట్టింది. దోషం పోయిందో లేదో తెలియదు గానీ, దోషం ఉందని ఊరికంతా చాటింపు వేసినట్టయింది. ఒకాయన బైకు మీద వచ్చి, పిళ్ళయార్‌ని చూసి, దిగకుండానే దండం పెట్టి, బైకు తిప్పుకుని పోయాడు.

నా దగ్గరికి రాకముందే ఆమె తమ్ముడు గోవిందు ధర తగ్గిస్తూ వచ్చాడు. ఆ పేటలో కంపారబుల్, అంటే ఈమధ్య అమ్ముడైన అలాంటి ఇంటి ధర, యాభై లక్షలు. గోవిందు నలభై అయిదన్నాడు, తర్వాత నలభై అన్నాడు. తగ్గించినకొద్దీ జనం ఇంకా బెదిరారు. "ఇంత తక్కువంటే లోపల ఏముందో" అని గుసగుసలు. అగ్గువ సరుకును అనుమానంగా చూడటం మనవాళ్ళకు పుట్టుకతో వచ్చిన గుణం.

"ఆ పిళ్ళయార్ ముందర ఒక ఫ్లెక్సు కట్టేస్తే పోలా అక్కా?" అన్నాడు గోవిందు.

నాకు ఒళ్ళు మండింది. "దేవుడికి ముసుగేసి ఇల్లు అమ్మేదా? కొన్నోడు మరుసటి రోజే ఆ ఫ్లెక్సు పీకి నా నెత్తిన కప్పుతాడు. నీ తెలివి నీ దగ్గరే పెట్టుకో!"

ఆడి పుట్టింది. ఆ నెలలో ఇల్లు కొనే మాట ఎవరూ ఎత్తరు. ఒక మధ్యాహ్నం, వస్తానని రాని మనిషి కోసం సరోజక్క వసారాలో కూర్చున్నాను. ఒక ఆటో వచ్చి గేటు ముందర ఆగింది. డ్రైవరు ఏదో అడ్రసు అడిగి, అక్కడే తిప్పుకుని పోయాడు. వెనకే కొరియరు వచ్చాడు, ఆ తర్వాత గ్యాసు బండి. వీధిలోకి వచ్చిన ప్రతివాడూ ఈ గేటు దాకా వచ్చి, ఈ ఇంటిని చూసి, ఇక్కడే తిప్పుకోవాలి. ఓరి నా బుర్ర! అంగడి పెట్టేవాడు ఇలాంటి చోటు కోసం కదా ఊరంతా తిరిగేది!

"సరోజక్కా, యాభై రెండు చెప్పుదాం" అన్నాను.

"నలభైకే దిక్కు లేదు, నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అంది. గోవిందు చెప్పులేసుకుని విసురుగా బయటికి పోయాడు. నా లెక్క తప్పితే పోయేది నా కమిషన్ కాదు, ఆమె మిల్లు.

కాపురానికి ఇల్లు వెతికేవాళ్ళకు ఇక ఫోను చెయ్యలేదు. వ్యాపారానికి చోటు అడిగినవాళ్ళకే చేశాను. పిక్కిలి అనే ఊరి నుంచి శివ అనే కుర్రాడు వచ్చాడు. ఫిజియోథెరపిస్టు, అంటే పడిపోయిన కాళ్ళూ చేతులకు కసరత్తు చేయించి నడిపించే వైద్యుడు. అతనికి ఇల్లు నచ్చింది. మరునాడు మోకాళ్ళ నొప్పులున్న తండ్రిని ఆటోలో తీసుకొచ్చాడు. పెద్దాయన గేటు దగ్గర దిగి, పిళ్ళయార్‌ని చూసి ఆగిపోయాడు.

"ఇది తెరుకుత్తు కదప్పా! ఇంత ధరా? పది లక్షలు తగ్గిస్తే చూస్తాం."

సరోజక్క చెయ్యి నా చెయ్యిని పట్టుకుంది.

"అయ్యా, తెరుకుత్తు కోసరమే ఈ ధర" అన్నాను. "మీ అబ్బాయి ఈడ కాపురం పెట్టేదానికి రాలేదు. మీలాంటి మోకాళ్ళ నొప్పులోళ్ళు ఆటో దిగినారంటే నేరుగా గేటు. ఆటో తిప్పేదానికీ చోటుంది. బోర్డు పెడితే వీధి మొదట్నించీ కనపడుతుంది. ఇవన్నీ వేరే ఇంట్లో చూపించండి, నేనే కమిషన్ లేకుండా కొనిపెడతా."

కొడుకు చెయ్యి వదిలి, పెద్దాయన ఒక్కడే మెల్లగా నడుచుకుంటూ ముందు గదిలోకి పోయి కూర్చున్నాడు. ఒక్క మెట్టూ అడ్డం రాలేదు.

"సరేమా, మీరు చెప్పిందే ధర. ఒకటే కండిషను" అన్నాడు. "పిళ్ళయార్ ఈడనే ఉండల్ల. మాకు వచ్చేవాళ్ళు ముందర ఆయనకే మొక్కుకోవల్ల కదా."

సరోజక్క నవ్వబోయి ఏడ్చేసింది. ఆడిలో కొనకూడదంటారు గానీ, ఆ నెల పద్దెనిమిదో రోజు మాత్రం మా పక్క పండగ, మంచి రోజు. ఆ రోజే అడ్వాన్సు ఇచ్చారు. అది అదే సాయంత్రం కొట్టు ఓనరు చేతికి పోయింది. రెండు రిజిస్ట్రేషన్లూ ఆవణి మొదటి ముహూర్తంలో అయ్యాయి. ఆ రోజు నేను ఊరంతా వినపడేలా నవ్వాను, ఎందుకు దాచుకోవాలి!

ఇల్లు అమ్ముడుపోకపోతే ధర తగ్గించే ముందు ఒక్కటి చూడాలని ఆ ఇల్లు నాకు నేర్పింది: మనం ధర చెప్తున్నది సరైన మనిషికేనా? ఒకడు భయపడే గేటు కోసం ఇంకొకడు వెతుకుతూ ఉంటాడు.

ఆవణి ముగియగానే వినాయక చవితి వచ్చింది. సరోజక్క తన సొంత మిల్లులో ఆ ఉదయం మొదటగా బియ్యప్పిండి పట్టి, కుడుములు చేసి, ఆ గూట్లో స్వామికి పెట్టింది. ప్రసాదం పంచుతున్నది గోవిందు. నా చేతిలో రెండు కుడుములు పెట్టి, "అక్కా, మా బావమరిదికి కూడా ఒక తెరుకుత్తు ఇల్లుండాది, ధర కడతావా?" అన్నాడు.