గసగసాలంత పూసలు

మస్కట్‌లో ఆ ఎగ్జిబిషన్‌కు గోడలు నిలబెట్టింది మా కంపెనీయే. ప్లైవుడ్ గోడలు, వాటికి తెల్లరంగు, మధ్యలో అద్దాల పెట్టెలు. అంతకుముందు నెల రుస్తాఖ్‌లో ఒక షాపుకు సీలింగ్ వేసి వచ్చాం. ఇదీ అలాంటి పనే అనుకున్నాను.

మాది జగిత్యాల దగ్గర పల్లె. మేం అవుసులవాళ్లం, బంగారం పని మాది. తాత, నాయన కుంపటి ముందు కూర్చుని బతికినవాళ్లు. నేనూ ఇరవై రెండేళ్లదాకా ఊదుగొట్టం ఊదాను. తయారు నగల దుకాణాలు వచ్చాక మా చేతికి పని లేకుండా పోయింది. ఒమన్‌కు వచ్చి పదకొండేళ్లు. బంగారాన్ని దగ్గరగా చూసి కూడా దాదాపు అన్నేళ్లే.

ఎగ్జిబిషన్ మొదలైన రోజు ఏదైనా చెడిపోతే సరిచేయడానికి నన్నూ మా ఫోర్మన్ అన్ననూ అక్కడే ఉంచారు. ఆయనదీ మా జిల్లాయే. పదకొండు గంటలప్పుడు పాత వస్తువులు అమ్మే ఒక స్టాల్ నుంచి పిలుపొచ్చింది. స్టాల్ ఆవిడ యూరప్ మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. ఆమె ఇంగ్లీషు నాకు అందలేదు. పక్కన ఫస్ట్ ఎయిడ్ టేబుల్ దగ్గర డ్యూటీలో ఉన్న నర్సు లేచి వచ్చింది. భీమవరం వైపు ఆమె, ఇక్కడే అజైబాలో ఒక క్లినిక్‌లో పనిచేస్తుంది.

“పెట్టె లోపల లైటు వేడెక్కుతుందంట తమ్ముడూ. ఆ పుస్తకం కాగితం కాదంట, దూడ తోలంట. వేడికి ముడుచుకుపోద్దంట” అంది.

స్క్రూ విప్పుతూ లోపలికి వంగాను. అరచేతి కంటే కొంచెం పెద్ద పుస్తకం, మధ్యకు తెరిచి ఉంది. ఎడమవైపు ఒక్క అక్షరమే సగం పేజీ ఆక్రమించింది. దాని నిండా బంగారం. రేకును ఉత్తగా అంటించలేదు, అడుగున ఏదో మెత్తి ఉబ్బెత్తుగా చేసి, పైన నునుపుగా రుద్దారు. నేను తల కదిలిస్తే వెలుగు ఆ అక్షరం మీద నీళ్లలా పారింది. తీగల మధ్య చిటికెనవేలి గోరంత పిట్ట, దాని కంట్లో తెల్లచుక్క. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి ప్రార్థనల పుస్తకమని నర్సక్క చెప్పింది. ఆ చుక్క పెట్టిన మనిషి ఊపిరి బిగబట్టి ఉంటాడనిపించి, నా ఊపిరీ ఆగింది.

లైటు తీసి నిలబడేసరికి కింది అరలో చెవిపోగులు కనిపించాయి. రెండువేల ఏళ్ల నాటివట. అర్ధచంద్రాకారం, అంచు పొడవునా గసగసాలంత బంగారు పూసలు. అలాంటి పూసలు నేను చేశాను. సన్నతీగను ముక్కలు చేసి, బొగ్గుపొడిలో కాలిస్తే ముక్క దానంతట అదే గుండ్రంగా అవుతుంది. కష్టమంతా అతకడంలోనే. మేం వెలిగారం, టంకం పెడితే అది కరిగి పూసల సందుల్లోకి పారేది. ఇక్కడ సందులన్నీ శుభ్రంగా ఉన్నాయి. ప్రతి పూసా దేనికదే, అయినా అతుక్కునే ఉంది.

“ఏంరా, గంత సేపు ఏం జూస్తున్నవ్? పని అయింది గద, పా” అన్నాడు ఫోర్మన్ అన్న.

“అన్నా, ఒక దాని కొక్కెం వేరేటోళ్లు పెట్టిండ్రే. ఆ టంకం సూడు, ముద్దగట్టింది. ఆకురాయి గీతలు గూడ ఉన్నయ్.”

“నీకెందుకురా? ఆమె సొమ్ము, ఆమె యాపారం. నోర్మూస్కో.”

కానీ స్టాల్ ఆవిడ నా వేలు ఎటు చూపుతోందో గమనించింది. నర్సక్కను అడిగింది. అక్క నా మొహం చూసింది. నేను భయపడుతూనే చెప్పాను.

ఆవిడ పెట్టె తాళం తీసి, ఆ పోగును మెత్తటి గుడ్డ మీద పెట్టి, భూతద్దం నా చేతికిచ్చింది. అద్దంలోంచి చూస్తే పూసల వరుస కొండల వరుసలా లేచింది. కరెంటు లేదు, కళ్లద్దాలు లేవు, ఎవరో కుంపటి ముందు కూర్చుని ఇది చేశాడు. తర్వాత ఆవిడ చూసింది, చాలాసేపు.

“నీకెలా తెలిసిందని అడుగుతున్నారు” అంది నర్సక్క.

“మా కులపు పని అక్కా.”

అది విని ఆవిడ కుర్చీ జరిపి నన్ను కూర్చోమంది. తీగ సన్నబడేలా కమ్మచ్చు చిల్లుల్లోంచి ఎలా లాగుతామో, మంట ఏ రంగుకు వచ్చాక ఊదడం ఆపాలో అడిగి, నోట్‌బుక్‌లో రాసుకుంది. నేను పని చెబుతుంటే ఇంకొకరు రాసుకోవడం నా బతుకులో అదే మొదటిసారి. ఫోర్మన్ అన్న పక్కనే చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి పోగుల ముందున్న చీటీ మారింది. కొక్కెం తర్వాతి కాలపుదని అందులో కలిపారని అక్క చదివి చెప్పింది.

“ధర తగ్గుతదేమో అక్కా, నా వల్ల.”

“అడిగాను. తగ్గుద్దంట. నిజం తెలిశాక దాచి అమ్మలేనన్నారు.”

చివరి రోజు జనం పల్చబడ్డాక ఆవిడ నన్నూ నర్సక్కనూ పిలిచి పుస్తకం పెట్టె తెరిచింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, కుడివైపు పేజీని బంగారు అక్షరం మీదికి తిప్పింది. తోలు చిన్నగా టపటపలాడింది. వెనక పేజీలో బొమ్మలేవీ లేవు. నల్లటి అక్షరాలు, ఒక చోట దూడ తోలుకు పడిన చిల్లు. రాసినతను చిల్లు దగ్గర ఆగి, దాన్ని చుట్టి మాటను అవతల పూర్తిచేశాడు. నర్సక్క కొంగు తలమీదికి లాక్కుని ప్రార్థన చేస్తున్నట్టు పెదవులు కదిలించింది. నేను ఆ చిల్లులోంచి కిందిపేజీ బంగారం మెరవడం చూస్తూ నిలబడ్డాను.