ఉప్పు లేని కూర, గెడ్డ మీద వంతెన

1927 సంవత్సరం. అప్పటికి నేను అరకు లోయలో లోకల్ ఫండు ఓవర్సీరుని. లోకల్ ఫండంటే రోడ్లకీ, నూతులకీ, సత్రాలకీ జిల్లా బోర్డు ఖర్చు పెట్టే సొమ్ము. జనం అడిగిన పనిని చూసి, కొలిచి, ఎంతవుతుందో ఎస్టిమేటు వేసి పంపడం ఓవర్సీరు వంతు. ఏది ముందు, ఏది తరువాత అన్నది బోర్డు తేలుస్తుంది. అడిగేవాళ్లు బోలెడుమంది, సొమ్ము ఒకరికే సరిపడా. కాబట్టి ఈ తేల్చడమే అసలు పని, మిగతాదంతా రాళ్లూ సున్నమూను.

ఆ ఏడు మా కొండల మీద రెండు పనులు పోటీకి నిలబడ్డాయి. ఒకటి, సంతలో వర్తకులు కూర్చోడానికి పెంకుల సావిడి. అడిగింది మైదానం షావుకార్లు, ఖర్చులో కొంత మేమే భరిస్తామని కూడా అన్నారు. రెండోది, అనంతగిరి దారికి అవతల కొండవాగు మీద, అక్కడివాళ్ల మాటలో గెడ్డ మీద, కాలివంతెన. అడిగింది పట్టుమని పదిహేను ఇళ్లు లేని, పోర్జాలనే కొండజాతివాళ్ల ఊరు.

ఆ వంతెన ప్రతిసారీ వెనకబడిపోయేది. కారణం చిన్నదే. బోర్డు పెద్దలు మన్యం జ్వరానికి భయపడి చలికాలంలో తప్ప కొండెక్కరు. పుష్యమాసంలో ఆ గెడ్డలో నీళ్లు చీలమండ తడపవు. వానాకాలపు లోతు ఎంతో నేను ఎస్టిమేటులో రాస్తూనే ఉన్నాను, కానీ కాగితం చదివితే ఎవరి కాలూ తడవదు కదా!

దసరా వెళ్లాక ఊరి పెద్ద సుక్రా నా బసకి వచ్చాడు.

"ఈ పాలి కూడా ఇవ్వకపోతే ఊరు ఎత్తెయ్యాలి బాబూ. నాలుగిళ్లోళ్లు అప్పుడే ఆ ఒడ్డుకి ఎలిపోనారు."

"పోనీ, అందరూ అక్కడికే వెళ్లిపోతే?"

"మా తాత రాయి, మా అయ్య రాయి ఇక్కడే ఉన్నాయి. ఆటి మీద కూకునే కదా తగువులు తీరుత్తాం. రాళ్లనెలా ఎత్తుకెల్తాం?"

చచ్చిన పెద్దల పేర రాళ్లు నిలిపి, ఆ రాళ్ల దగ్గరే ఊరి మంచిచెడ్డలు మాట్లాడుకోవడం వాళ్ల ఆచారం. నాకు బోర్డు మీద ఒళ్లు మండింది.

"బోర్డు ప్రెసిడెంటుగారిని మీ ఊరికే తీసుకొస్తాను. ఒక పూట భోజనం అక్కడే పెట్టిస్తాను. మిగతాది నువ్వు చూసుకో," అన్నాను.

"నానేటి సూసుకుంతాను బాబూ?"

"నోరుంది కదా!"

సుక్రా నవ్వుకుంటూ కొండదారి పట్టాడు.

ప్రెసిడెంటుగారు మైదానంలో పెద్ద భూస్వామి. భోజనప్రియుడు, కోపిష్టి, కానీ మనసు మంచిది. చలికాలం క్యాంపులో ఆయన్ని ఆ దారినే తీసుకెళ్లాను. గెడ్డలో రాళ్ల మీద అడుగులేసుకుంటూ దాటి, పకపకా నవ్వాడు.

"ఏటయ్యా ఓవర్సీరూ, దీనికి వంతెనా? నా పంచె అంచు తడవలేదు!"

సామాను కావిళ్లు ముందు మజిలీకి వెళ్లిపోయాయి. దారిలో వంటకి కావలసినవి ఊళ్లలో కొనుక్కోవడం క్యాంపు రివాజు. ఊరివాళ్లు కోడి ఇచ్చారు, గుమ్మడికాయ ఇచ్చారు, సామబియ్యం, మిరపకాయలు, పసుపు ఇచ్చారు. ఆయన వంటవాడు సుక్రా ఇంటి పంచలో పొయ్యి పెట్టి వండాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ప్రెసిడెంటుగారి మొహం మాడిపోయింది.

"ఉప్పేదిరా?"

"ఊళ్లో లేదంటన్నారు బాబూ," అన్నాడు వంటవాడు బిక్కచచ్చిపోయి.

ప్రెసిడెంటుగారు సుక్రాని పిలిపించాడు. అతనికంటే ముందు అతని పెళ్లాం బుద్రి వచ్చి నిలబడింది.

"వానల్లో గెడ్డ తగ్గేదాకా మాం ఇలాగే తింతాం బాబూ. ఉప్పు సంతలో ఉంటాది, సంత ఆ ఒడ్డున ఉంటాది. సిన్న పిల్లలు ముద్ద మింగక ఏడుత్తారు. తమరు ఒక్క పూటే కదా తిన్నారు."

"గెడ్డ దాటే మగాళ్లే లేరా మీ ఊళ్లో?"

"మా మరిది దాటేడు. వచ్చీటప్పుడు ఉప్పు కావిడితో గెడ్డలో దిగేడు. కావిడి బద్ద దొరికింది. ఆడు దొరకనేదు."

ఆవిడ ఏడవలేదు. ప్రెసిడెంటుగారు విస్తట్లోది అంతా తిని లేచాడు.

చుట్టకి నిప్పు కోసం నేను సుక్రా ఇంట్లోకి వెళ్లాను. పొయ్యి మీద ఉట్టికి ఆనపబుర్ర వేలాడుతోంది, దాని మూతి చుట్టూ తెల్లటి ఉప్పు రవ్వలు. బుద్రి నన్ను చూసింది. నేను చుట్ట ముట్టించుకుని బయటికొచ్చేశాను. నోరుంది కదా అన్నవాణ్ణి నేనే, ఇంకేం మాట్లాడతాను!

బోర్డు మీటింగులో షావుకార్ల తరఫు మెంబరు లేచి, ఆ కొండమీద ఎన్ని ఇళ్లున్నాయని అడిగాడు.

"ఇళ్లు లెక్కపెట్టకండి," అన్నాడు ప్రెసిడెంటుగారు. "సంతలో కూర్చునేవాడికి నీడ తరువాత చూద్దాం. ముందు సంతకి రాలేనివాణ్ణి రానివ్వండి."

రెండు ఒడ్డులకీ రాతికట్టు కట్టి, గుగ్గిలం చెట్ల దూలాలు పరిచి, వానలకి ముందే వంతెన పూర్తి చేశాను. ఎలా ఉందో చూస్తానని ప్రెసిడెంటుగారు ఆషాఢంలో, జల్లు పడుతుండగా, జ్వరం మాట మరిచి కొండెక్కాడు. వంతెన కింద గెడ్డ ఎర్రగా హోరుమంటోంది. ఆయన మధ్యలో ఆగి, చేతి ఆసరాకి కట్టిన కర్రని గట్టిగా పట్టుకుని, కిందకి చాలాసేపు చూశాడు.

ఆ పూట బుద్రి ఆ ఆనపబుర్రే తెచ్చి, మా అందరి ముందూ వంటవాడి దోసిట్లో ఉప్పు వంచింది.

"ఆ బుర్రని నేనెరుగుదును," అన్నాడు ప్రెసిడెంటుగారు నాతో మెల్లిగా. "ఆనాడు చేతులు కడుక్కోడానికి లేస్తే గుమ్మంలోంచి కనిపించింది."

"మరి ఊరుకున్నారేం బాబూ?"

"ఆనాడు ఉప్పుందయ్యా. ఆవిడ మరిది లేడు కదా."

ఆ తరువాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఏ ఊళ్లోనూ టేపు విప్పకముందు ఒక్కటే అడిగేవాణ్ణి: "వానల్లో మీకేది అందదు?" వాళ్లు చెప్పిందే నా ఎస్టిమేటుల్లో మొదటి పని.