వరసలు కుదరని వాల్జు

ఆ రోజుల్లో ఉద్యోగానికి దరఖాస్తు రాయడమంటే సగం చదువు, సగం సాహసం. రాసినదాన్ని ఎవరూ వచ్చి పరీక్షించరన్న ధైర్యం మా అందరికీ ఉండేది. మద్రాసులో టీచరు ట్రైనింగు ముగించుకుని, పత్తికొండ వైపున్న ఒక మిషను బాలికల బడికి చరిత్ర టీచరుగా దరఖాస్తు పెట్టుకున్నాను. అందులో "ఇతర ప్రావీణ్యములు" అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేస్తే బాగుండదని "యూరోపు నృత్యములు" అని నింపేశాను. (నా ప్రావీణ్యం మొత్తం ఇదీ: మా హాస్టలు మేడ మీదినుంచి ఒక సాయంత్రం ఎదురు భవనం కిటికీలో నాలుగు జంటలు గిర్రున తిరగడం చూశాను. కిటికీ ఎత్తుగా ఉండటంవల్ల నడుము పైభాగమే కనిపించింది. కాళ్ళు ఏం చేస్తున్నాయో ఆ భగవంతుడికే తెలియాలి.)

ఉద్యోగం వచ్చింది, కానీ ఏడాదిపాటు తాత్కాలికం. కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసులు డేరాల్లో నడుస్తున్న కాలమది. నా కొలువు కూడా ఆ డేరాల్లాగే ఎప్పుడు పీకేస్తారో తెలియని స్థితిలో ఉండేది. ఖాయమైతే సరే, కాకపోతే వేసవిలో మేనమామతో పెళ్ళి అని మా అమ్మ తేల్చి చెప్పేసింది. మామ చాలా మంచివాడు. కానీ నాకంటే పద్నాలుగేళ్ళు పెద్ద, నన్ను చంకనేసుకుని తిప్పిన మనిషి. ఆయన్ను మొగుడిగా ఊహించుకుంటే ముందు నవ్వొచ్చేది, నవ్వు ఆగాక ఏడుపొచ్చేది.

నన్ను ఖాయం చెయ్యాల్సింది హెడ్మిస్ట్రెస్సు. ఊరంతా ఆమెను దొరసానమ్మ అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఎండల్లోనే ఉండి, ఒంటి తెలుపు మిగుల్చుకుంది గానీ భాష మాత్రం పూర్తిగా ఊరిదైపోయింది. వార్షికోత్సవానికి నెలన్నర ముందు నన్ను గదికి పిలిపించింది.

"ఏమమ్మా, మా దేశపు ఆటలు వచ్చునని రాసినావే! పిల్లోళ్ళతో ఆడించు. నేను చూసి శానా ఏండ్లాయ" అంది.

"మిషను పెద్దలు ఒప్పుకుంటారా అమ్మగారూ?" అన్నాను, ఒప్పుకోకూడదని మొక్కుకుంటూ.

"వాళ్ళు యాడనో ఉండారు. నేను ఈడ ఉండాను" అంది.

ఆ తర్వాత గంటసేపు చెప్పింది. రాజుల కొలువుల్లో ఆడామగా వేలి కొసలు మాత్రమే తాకించి, వంగి వంగి దండాలు పెట్టుకుంటూ ఆడేవాళ్ళట. పల్లెల్లో రెండు బారులుగా ఎదురెదురు నిలబడి, చుట్టుచుట్టుకూ జోడీ మార్చుకునేవాళ్ళట. అటుపిమ్మట వాల్జు వచ్చిందట. నడుము పట్టుకుని తిరగడమేమిటని పెద్దలూ పాదిరులూ మండిపడ్డారట. "మా అవ్వ కాలానికి ఆ పెద్దోళ్ళే లేచి ఆడబట్టిరి" అని నవ్వింది. చరిత్ర బాగానే అర్థమైంది. నా భయమంతా కాళ్ళ గురించి.

ఎనిమిది మంది పిల్లల్ని ఎంచాను. నలుగురికి తండ్రుల కోట్లు, అట్టతో టోపీలు, కాటుక మీసాలు. దొరసానమ్మ తన పెట్టెలోంచి తాళం తిప్పే గ్రామఫోను తీసి ఇచ్చింది. "ఒకటి రెండు మూడు, ఒకటి రెండు మూడు" అని నేను ఠీవిగా చప్పట్లు కొడుతుంటే, పిల్లలు నడుము పైభాగాన్ని చక్కగా తిప్పేవాళ్ళు. (గురువుకు తగ్గ శిష్యులు.)

నాలుగో రోజున రొట్టెల అక్క వచ్చింది. సంతలో జొన్నరొట్టెలు అమ్ముతుంది, నేనెంచిన ఎనిమిది మందిలోకీ పొడుగుపిల్లకు తల్లి. చెంగు బిగించి గుమ్మంలో నిలబడింది.

"టీచరమ్మా, నా బిడ్డకు మొగయాసం కట్టి, ఆ పక్కింటి పిల్ల చెయ్యి పట్టుకొని ఎగరమన్నారంటనే? ఆ పిల్ల దీనికి చెల్లెలు వరస!"

"మగవేషం వేసినా ఇద్దరూ ఆడపిల్లలే కదక్కా!"

"యాసం కట్టినాక మొగోడే కదమ్మా! బయలాటలో రాముని యాసం కట్టినోనికి టెంకాయ కొట్టి మొక్కుతాం కదా? అదేం ఉత్తుత్తిదా? మొగుడూ పెండ్లాల మాదిరి ఎగరాలంటే బావా మరదండ్లే ఎగరాల."

మూడు రోజులు చరిత్ర పాఠం మానేసి, ఎనిమిది మందికీ ఎవరికి ఎవరు ఏమవుతారో కాగితం మీద రాసుకున్నాను. హిందువుల పిల్లలూ చర్చికి పోయే పిల్లలూ కలిసే ఉన్నారు. మతాలు వేరైనా ఊరి పిలుపులు మాత్రం అందరికీ ఒక్కటే. ఎలాగో నాలుగు జంటలు బావామరదళ్ళుగా కుదిరాయి. అయితే వాల్జులో తమ పల్లె ఆట కూడా కలపాలని దొరసానమ్మ పట్టుబట్టింది, అందులో జోడీలు మారాలి. మారకపోతే అది తమ ఊరి ఆటే కాదంది. ఆ వేగంలో తల్లులు గమనించరులే అనుకున్నాను. ఆ వయసులో నేను తల్లుల్ని బొత్తిగా తక్కువ అంచనా వేసేదాన్ని.

వార్షికోత్సవం సాయంత్రం ఊరంతా బడి ముందు కూర్చుంది. ముందువరసలో కుర్చీ వేసుకుని దొరసానమ్మ. గ్రామఫోను మొదలైంది. మొదటి చుట్టు ఎంత బాగా వచ్చిందంటే నాకే ఆశ్చర్యమేసింది. రెండో చుట్టులో జోడీలు మారాయి. పొడుగుపిల్ల ఎదుటికి కందిబేడ వచ్చింది. మేం పెట్టిన పేరది, పదేళ్ళ పిల్ల, కందిపప్పు బద్దంతే ఉండేది. కానీ పొడుగుపిల్ల తండ్రికి చిన్నాన్న కూతురు, అంటే సాక్షాత్తూ మేనత్త.

పొడుగుపిల్ల చెయ్యి చాచబోయి గతుక్కుమంది. టోపీ తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని పక్కకు తప్పుకుంది. కందిబేడ మాత్రం అత్తకు ఉండాల్సిన గాంభీర్యంతో, "బాగుండావామ్మీ?" అని పలకరించింది. వెనక వస్తున్న జంటలు వచ్చి వీళ్ళకు గుద్దుకున్నాయి. ఒక మీసం మరొకరి చెంపకంటింది.

"నేను ముందే చెప్తి కదా!" అని రొట్టెల అక్క లేచింది. అంతే, జనమంతా ఆట మరిచిపోయి ఎవరికి ఎవరేమవుతారన్న చర్చలో పడ్డారు. గ్రామఫోను తన పాటికి తాను పాడుతోంది. వేదిక అంచున నిలబడ్డ నాకు పెళ్ళిబాజాలు వినిపించాయి, పీటల మీద మామ కనిపించాడు.

అప్పుడు దొరసానమ్మ లేచింది. మెట్లెక్కి వచ్చి, నా ముందు కొంచెం వంగి చెయ్యి చాచింది. జనం చర్చ ఆపి అటు తిరిగారు. ఎవరో ముసలాయన, "ఏమప్పా, దొరసానమ్మ ఆడొచ్చునా?" అని పక్కవాణ్ణి అడిగాడు. తీర్పు రొట్టెల అక్కే చెప్పింది.

"ఆడొచ్చులే. ఆయమ్మకు ఈడ ఎవురితోనూ వరస లేదు కదా!"

అందరూ నిజమే అన్నట్టు తలలూపారు. నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత నన్ను తిప్పింది. మూడో అడుగుకే ఆమె పాదం తొక్కాను.

"కాళ్ళు చూడొద్దు. నీకు రాదని నాకు మొదటి దినమే తెలుసులే" అంది చెవిలో.

"మరి ఎందుకమ్మగారూ..." అన్నాను.

"తెలుగు వచ్చునని రాసి ఈ ఉద్యోగానికి వచ్చినదాన్నే నేనూ. అప్పటికి నాకు రెండు మాటలే వచ్చు. నేర్చుకోలేదా? తిరుగు."

తిరిగాను. గ్రామఫోను తాళం అయిపోయి పాట సాగుతూ సాగుతూ ఆగేదాకా, మేమూ నెమ్మదించి నెమ్మదించి ఆగాం. అంత సుఖంగా నేను మళ్ళీ ఎప్పుడూ ఆడలేదు.

మర్నాడు పొద్దున ఆమె గదిలో ఉన్నాను. నా ఖాయం కాగితం మీద అప్పుడే సంతకం పెట్టింది. గుడ్డలో రొట్టెలు కట్టుకుని రొట్టెల అక్క వచ్చి నిలబడింది.

"నిన్న నోరు జారినానమ్మా. నిద్ర పట్టల్యా. నా చిన్నప్పుడు మా అమ్మకు నువ్వే కదా అక్షరాలు దిద్దించింది? మా అమ్మ నిన్ను అక్కా అనేది. అట్లయితే నువ్వు నాకు పెద్దమ్మవు. నా బిడ్డకు అవ్వవు. ఊర్లో అందురికీ చెప్పొచ్చినా."

దొరసానమ్మ కలం మూసి పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది: "అట్లయితే నేను ఇంక ఈడ ఎవురితోనూ ఆడగూడదు కదా?"

రొట్టెల అక్క నిజాయితీగా ఆలోచించింది. "ఆడగూడదు పెద్దమ్మా."

"శానా సంతోషం" అంది దొరసానమ్మ. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

నా ఉద్యోగం ఖాయమైంది. మామ ఇంకో పిల్లను చేసుకుని హాయిగా ఉన్నాడు. ఇప్పుడు నాకు ఆనాటి దొరసానమ్మకంటే ఎక్కువ వయసు. ఆ పొద్దుటిపూట తలపుకొస్తే ఇరవై ఏళ్ళ ఆ టీచరమ్మను చూసి నవ్వుకుంటాను, కొంచెం సిగ్గుపడతాను కూడా. ఎదురుగా ఒక మనిషి ముప్పై ఏళ్ళ తర్వాత బంధువుల్లో కలుస్తుంటే, ఆ పిచ్చిది కాగితం మీద సంతకం సిరా ఆరిందా లేదా అని చూస్తూ కూర్చుంది.