అత్తమ్మ పోల్చుకున్న గొంతు

మా ఆయన మూడో తరగతిలో ఉండగా అత్తమ్మకు విషజ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. అప్పటినుంచీ ఎదుటివాళ్ళ పెదవులు చూసే అన్నీ అర్థం చేసుకునేది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో గబగబా మాట్లాడుతుంటే గడ్డం పట్టుకుని, "నిదానంగా చెప్పప్పా" అనేది.

పోయినేడాది ఆమెకు లోపలి చెవిలో పరికరం పెట్టే ఆపరేషన్ చేయించాం. గాయం మానాక దాన్ని ఆన్ చేసిన రోజు నేనూ మా ఆయనా ఆమె ముఖంలోకే చూస్తూ కూర్చున్నాం. ఆమె కళ్ళు చికిలించి, "రేకు డబ్బాలో గులకరాళ్ళేసి ఆడించినట్టుండాది. మాటలేవీ?" అంది. మా ఆయన మొహం వాడిపోయింది.

ఆసుపత్రిలో వినికిడి శిక్షణ ఇచ్చే అమ్మాయి అత్తమ్మకు ఎదురుగా వచ్చి కూర్చుంది. "చెవిదాకా శబ్దం వస్తోంది ఆంటీ. అదేం మాటో, ఎవరి గొంతో పోల్చుకోవాల్సింది మెదడు. ఇన్నేళ్ళూ దానికా పని లేదు కదా, మళ్ళీ నేర్పాలి. గొంతు గుర్తుపట్టడం మాటలకంటే పాత విద్య. కోతుల మెదడులో కూడా దానికి చోటుంది."

"అయితే ముందు కోతిని చెయ్యి, తర్వాత మనిషిని చేద్దువు" అంది అత్తమ్మ.

రోజూ పొద్దున్నే మా బెళ్ళందూరు ఫ్లాట్‌లో సాధన. నేను నోటికి పళ్ళెం అడ్డం పెట్టుకుని ఒక మాట చెప్పాలి, ఆమె తిరిగి చెప్పాలి. నేను "ఉప్పు" అంటే ఆమె "పప్పు" అనేది. "గిన్నె" అంటే "నన్నే?" అనేది. నవ్వుల్లోనే సగం సాధన అయిపోయేది.

ఒక సాయంత్రం వంటింట్లో ఇద్దరం బీన్స్ తుంచుతున్నాం. హాల్లో మా ఆయన ఆఫీసువాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. అత్తమ్మ చెయ్యి ఆగిపోయింది.

"మీ మామ" అంది.

మామయ్య పోయి చాలా కాలమైంది. నాకు భయమేసింది.

"ఏమంటాండాడో తెలీదు. మాట చివర ఆ ఈడ్పు ఉండాది చూడు, అచ్చం ఆయనే."

అప్పుడు తట్టింది నాకు. ఆమెకు తెలిసిన కొడుకు గొంతు చిన్నపిల్లాడిది. ఈ మగగొంతును పెదవులు చూడకుండా ఆమె ఎన్నడూ వినలేదు. వెళ్ళి మా ఆయన్ని పిలుచుకొచ్చాను.

"ఏమైందమ్మా?"

ఆమె పెదవులు చూడకుండా కళ్ళు మూసుకుంది. "ఇంకోసారి అను."

"అమ్మా."

"ఎంత పెద్దోడివైపోయినావురా" అని కొడుకు చొక్కా పట్టుకుని ఏడ్చింది.

ఇప్పుడు మాటలు కూడా మెల్లగా తెలుస్తున్నాయి ఆమెకు. ఫోన్ ఇంకా కష్టమే. అయినా మధ్యాహ్నం కొడుకు ఆఫీసు నుంచి చేస్తే తనే తీసుకుని, చాలాసేపు విని, "నాకు సగం తెలీలేదు, నువ్వు కనుక్కో" అని నా చేతికిస్తుంది.