నేను మూయించిన గాలి కంతలు

అరవైల మొదట్లో కావలి దగ్గర, సముద్రం వైపు, ఒక పాత బంగళాలో ఆడవాళ్ళ ఆసుపత్రి ఉండేది. పాత కట్టడాల జాబితాలో ఎక్కింది కాబట్టి గోడకు మేకు కొట్టాలన్నా పై ఆఫీసు అనుమతి కావాలి. దాని మరమ్మతులు చూసే సూపర్‌వైజర్ని నేనే. కుదురులేని మనిషిని. ఏ పనైనా చిటికెలో అయిపోవాలి నాకు.

పైకప్పు కింద వరసగా చిన్న కంతలుండేవి. వాటిలోంచి పావురాలు దూరి మంచాలు పాడుచేస్తున్నాయి. తనిఖీ రెండు రోజుల్లో ఉందనగా ఇటుకలు పెట్టించి మూయించేశాను. ఆ పనికి మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. సున్నం పని చేసే ముసలి సాయిబు, మా మేస్త్రీ, "వేడి పొయ్యే దారి అదే సార్. వల కడితే చాలు" అన్నాడు. నీ పని నువ్వు చూసుకోమన్నాను.

ఆ వేసవి నుంచి వార్డు కుంపటే. డాక్టరమ్మగారు అడిగితే స్టాండు ఫ్యాన్లు వచ్చాయి. పొద్దస్తమానం తిరిగి, ఆ వేడినే మళ్ళీ మొహాన కొట్టేవి. ఇంకో రెండు కావాలని రాస్తే కరెంటు లైను మోయదన్నారు. మళ్ళీ రాశాను. రెండేళ్ళు కాగితాలు తిరుగుతూనే ఉన్నాయి. బాలింతలు విసనకర్రలు ఊపుకుంటూ నావంక చూసేవాళ్ళు. నేను చూపు తప్పించుకుని గబగబా దాటిపోయేవాణ్ణి.

మూడో వేసవిలో నా భార్య అక్కడే ప్రసవించింది. ఆడపిల్ల. వొళ్ళంతా చెమటకాయలు, పాలు పట్టకుండా ఒకటే ఏడుపు. వసారాలో పచార్లు చేసి చేసి, ఇక నిలవలేక మేస్త్రీ ఇంటికి సైకిలు తొక్కాను. ఆయన ఒక్క మాటైనా దెప్పలేదు. తిట్టినా బాగుండేదనిపించింది. నిచ్చెన ఎక్కి ఆయనతోపాటు నేనూ ఇటుకలు పీకాను. నా భార్య పక్క మంచం మీద చేపలపల్లె నుంచి వచ్చిన బాలింత ఉంది. ఆమె మొగుడు పాత వల ముక్కలు తెచ్చిస్తే కంతలకు కట్టాం. సాయంత్రానికి సముద్రపు గాలి తలుపుల్లోంచి వచ్చి వార్డంతా తిరిగింది. ఫ్యాన్లు ఆపేశారు. బిడ్డ పాలు తాగి నిద్రపోయింది.

హాయిగా ఊపిరి పీల్చుకుని చేతులు దులుపుకుంటుంటే ఆ పక్కమంచం ఆమె పిలిచింది.

"ముందుదాన్ని గూడా ఈడనే కన్నాను సామీ. అప్పుడు ఎవురూ నిచ్చెన ఎక్కలా. మీ ఇంటామె పోయినాక మళ్ళా మూసేస్తారా?"

కోపంతో అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.