అరవై నాలుగు చిల్లులు

మావయ్యకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. పాత మిషను కనిపిస్తే విప్పకుండా ఉండలేడు. విప్పి, తుడిచి, అది చక్కగా తిరగడం మొదలెట్టాక చేతులు దులుపుకుని "ఇది మనకొద్దురా" అంటాడు. నలభై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎవరినైనా పరామర్శించడానికి వెళ్లినా సరే, ముందు వాళ్ల ఫ్యాను వంకే చూస్తాడు.

అలాంటి మనిషిని వెంటబెట్టుకుని సెకండ్‌హ్యాండు బెంచి డ్రిల్లు కొనడానికి బయల్దేరడం మేనల్లుడి బుద్ధితక్కువ. పగలు గుమస్తాగిరీ, సాయంత్రం వరండాలో చెక్కపని చేసుకునే ఆ మేనల్లుడికి అసలే కాలు నిలవదు. దానికి తోడు ఇప్పుడు గడువొకటి. పోయిన ఏడాది అతని అక్కకు చూపు పోయింది. చిన్నప్పటినుంచీ చదరంగంలో అతన్ని చిత్తుగా ఓడించిన అక్క, తడిమితే పావులు పడిపోతున్నాయని ఆటే మానేసింది. గడికో చిల్లు వేసి, పావు అడుగున పుల్ల బిగిస్తే పడవు. పలక తయారైంది. చేతి డ్రిల్లుతో వేరే చెక్క మీద వేసి చూస్తే మంత్రి తాగినవాడిలా ఒరిగాడు. నెలాఖరు ఆదివారం అక్క వచ్చేలోగా అరవై నాలుగు చిల్లులు నిటారుగా పడాలి. అందుకు బల్లకు బిగించి వాడే బెంచి డ్రిల్లే కావాలి.

మొదట ఫొటోలకు ఫ్రేములు కట్టే ఆయన ఇంటికి వెళ్లారు.

"తిరుగుతుందా?" అన్నాడు మావయ్య.

"మూలుగుతుందండీ. అందుకే అమ్మేస్తున్నా."

మావయ్య సంచిలోంచి రెంచీలు తీశాడు. గంటన్నర తర్వాత మూలుగు పోయింది. మేనల్లుడు సంబరంగా జేబులో చెయ్యి పెట్టాడు.

"ఇది మనకొద్దురా, పద."

"ఎందుకు మావయ్యా? చప్పుడే లేదుగా."

"రంగు బాలేదు."

రేడియో మెకానిక్కు దగ్గర డ్రిల్లుకు మావయ్యే బెల్టు సరిచేసి, మరీ బరువన్నాడు. మూడోదాని వాలకం తనకు నచ్చలేదన్నాడు. డ్రిల్లుకు వాలకమేమిటని మేనల్లుడు జుట్టు పీక్కున్నాడు. రోజూ క్యాలెండరు ముందు అటూ ఇటూ తిరుగుతూ గోళ్లు కొరుక్కునేవాడు. "అలా తిరక్కండి, గచ్చు అరిగిపోతుంది" అని భార్య విసుక్కుంది.

ఎనిమిదోది డ్రాయింగు మాస్టారిది.

"చెయ్యి వణుకుతోంది బాబూ. చిల్లు పక్కకు పోతోంది. ఇక మనవల్ల కాదని అమ్మకానికి పెట్టాను."

మావయ్య చిల్లు వేసే బిట్టును పట్టుకుని అటూ ఇటూ కదిపి చూశాడు. విప్పి, ఏదో బిగించాడు. "వణికింది మీ చెయ్యి కాదు మాస్టారూ, ఇది. ఇప్పుడు వేయండి."

మాస్టారు ఒక చిల్లు వేశారు. వెంటనే దాని పక్కనే ఇంకొకటి వేశారు.

"మనకొద్దురా" అన్నాడు మావయ్య.

వీధిలోకి రాగానే మేనల్లుడు భగ్గుమన్నాడు. "నీకు కావాల్సింది డ్రిల్లు కాదు మావయ్యా, విప్పడానికి ఏదో ఒకటి."

"సరేలే. ఇంటికెళ్లాక ఆ పలక ఇవ్వు, కొలతలు చూస్తాను."

పలక పట్టుకుపోయి మూడు రోజులు పత్తా లేడు. ఫోను ఎత్తడు. శుక్రవారం మేనల్లుడికి ఒళ్లు మండి, ఒక్కడే ఫ్రేములాయన దగ్గరికి పరుగెత్తాడు.

"ఇప్పుడు బంగారంలా నడుస్తోంది బాబూ. ఎందుకమ్ముతాను?" అని ఆయన ఎందుకో ముసిముసిగా నవ్వాడు. మెకానిక్కూ అదే మాట, అదే నవ్వు. ఏడు గుమ్మాలు ఎక్కి దిగి, రొప్పుతూ మాస్టారింట్లో అడుగుపెట్టాడు.

లోపల మావయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. డ్రిల్లు కింద ఉన్నది తన పలకే. ఏడు వరుసల్లో చిల్లులు పడిపోయాయి. మాస్టారు ఊపిరి బిగబట్టి ఎనిమిదో వరుస వేస్తున్నారు.

"ఇంటికో వరుస వేయించానురా" అన్నాడు మావయ్య. "వాళ్లు అక్కర్లేక అమ్ముతున్నారా? పాడైందని అమ్ముతున్నారు. బాగుచేసి మనం పట్టుకొచ్చేస్తే వాళ్లేం చేసుకోవాలి?"

మేనల్లుడికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. మావయ్య మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. అయినా ఉండబట్టలేక అడిగాడు: "ఒక్కచోటే వేయిస్తే గంటలో అయిపోయేదిగా?"

"మిగతా ఏడుగురూ చిన్నబుచ్చుకోరూ?"

ఆదివారం అక్క పావులన్నీ తడిమి చూసుకుంది. ఒక్కటీ ఒరగలేదు. ఇరవై ఎత్తుల్లో తమ్ముడి రాజును కట్టేసింది.

"పలక బాగా కుదిరిందిరా" అంది. "నీ ఆటే ఏం బాగుపడలేదు."