బల్లకు ఎడమ పక్క

మా ఇంట్లో ఉన్న బల్ల అచ్చమైన టేకుదని నేను చాలామందికి బల్లగుద్ది చెప్పాను. గుద్దింది కూడా ఆ బల్లనే. గుద్దులకు ఓర్చుకుంది గానీ నీళ్లకు ఓర్చుకోలేకపోయింది.

బాపు ముప్పై ఏళ్లు ఒక సర్కారీ ఆఫీసులో అటెండరు. ఆయన రిటైరయ్యాక తెలంగాణ వచ్చింది, కొత్త జిల్లాలు వచ్చాయి, ఆఫీసు కొత్త భవనంలోకి మారింది. పాత సామాను వేలం వేస్తున్నారని తెలిసి, ఎవరికీ చెప్పకుండా నల్లగొండ పోయి, పెద్దసారు బల్లను ట్రాలీ ఆటోలో వేసుకొని వచ్చాడు. దాని నిండా ఇంకు మరకలు, చాయ్ కప్పుల గుండ్రాలు. కాళ్లకు ఏటేటా దసరాకు పెట్టిన పసుపు కుంకుమలు. ఆదివారం చర్చికి పోయే మా బాపే వాటిని పెట్టేవాడు. అది డ్యూటీ.

"మంచి టేకు బిడ్డా. మా ఆఫీసుల గిసొంటిది ఇంకోటి లేకుండె" అన్నాడు. అంతకుమించి చెప్పలేదు. ఎందుకు తెచ్చాడో నాకు అర్థం కాలేదు. కుర్చీ వేసి కూర్చోమంటే "నాకెందుకురా" అనేవాడు. పొద్దున్నే మాత్రం పాత గుడ్డతో తుడిచేవాడు.

నిలబడే బతికిన మనిషిని ఆ బల్ల ముందు ఒక్కసారైనా కూర్చోబెట్టాలని నాకు పట్టుదల పుట్టింది. డిసెంబరులో ఆయన షాద్‌నగర్‌లో అక్క ఇంటికి పోయాడు. తిరిగొచ్చేసరికి బల్ల తళతళలాడాలనుకున్నాను. క్రిస్మస్ పండుగ ముందు మేము ఇంట్లో సామానంతా వాకిట్లో వేసి కడుగుతాం. మంచాలు కడిగాను, కుర్చీలు కడిగాను. అదే ఊపులో బల్లను కూడా లాగి, సర్ఫు పోసి, బోరు పైపు పట్టి బర్రెను తోమినట్టు తోమాను. రెండు రోజులు ఎండబెట్టాను.

మూడో రోజుకు బల్ల పైభాగం అప్పడంలా ఉబ్బింది. ఏమిటా అని ముందు అంచు పట్టుకొని లాగితే పలుచటి తోలు ఊడి, చేతిలోనే ముక్కలైంది. కింద తెల్లగా, ఊరూ పేరూ లేని కర్ర. టేకుకు తోలుంటుందా? లేక వేలంలో బాపును ఎవరైనా మోసం చేశారా? ముప్పై ఏళ్లు తుడిచిన మనిషికి తెలియదా? ఏదీ తేలలేదు.

సాయంత్రం బాపు ఫోన్ చేశాడు. "బల్ల తుడుస్తున్నవారా?"

"తుడుస్తున్న బాపూ."

అబద్ధం కాదు. కొంచెం ఎక్కువ తుడిచాను, అంతే.

కేతేపల్లి నుంచి ఒక ముసలి వడ్రంగిని పిలిపించాను. ఆయన వేలితో బల్లను కొట్టి చూశాడు.

"ఎవలు కడిగిన్రు సారూ?"

"నేనే."

"సర్ఫేసి?"

"వేసే."

"బడిల ఏం చెప్తరు మీరు?"

"తెలుగు."

"నయం. సైన్సు గాదు."

తర్వాత ఓపికగా చెప్పాడు. "గిది ముద్ద టేకు గాదు. కింద మామూలు కర్ర, మీద టేకు పొర. పాతకాలం జిగురు వెట్టి అంటించిన్రు. నీళ్లు తాకితే ఇడుస్తది." పొరపాటు అనే మాటను ఇరవై ఏళ్లుగా పిల్లల నోట్‌బుక్కుల్లో ఎర్ర ఇంకుతో రాస్తున్నాను. దాన్ని చేత్తో పట్టుకొని చూడడం అదే మొదటిసారి.

ఆయన ఉబ్బిన చోట తడిగుడ్డ పరిచి, మా ఇస్త్రీ పెట్టెతో మెల్లగా రుద్దాడు. జిగురు వేడికి కరిగింది. పైన పలక వేసి, దాని మీద మా బియ్యం బస్తాలు ఎక్కించాడు. మర్నాటికి పొర పట్టుకుంది. ముందు అంచున నేను పీకిన జానెడు జాగా మాత్రం బోసిగా మిగిలింది.

"గీ రంగు పొర బజార్ల దొరకది. గీ బల్లకెల్లే తియ్యాలె. ఏ పక్క గోడకుంటది?"

"ఎడమ పక్క."

ఆయన ఎడమ పక్కను తడిమాడు. పై అంచు దగ్గర ఒకచోట పాలిష్ పోయి, అరచేయంత మేర నున్నగా మెరుస్తోంది. "గీడ మంచిగుంది" అని పెన్సిలుతో గీత గీశాడు.

అప్పుడే బాపు గేటు తీశాడు, చెప్పినదానికి ఒకరోజు ముందు. నేను క్షమాపణలు వరుసలో పేర్చుకుంటున్నాను. ఆయన ఊడిన అంచును చూడనైనా లేదు. నేరుగా వచ్చి పెన్సిలు గీత మీద చెయ్యి పెట్టాడు.

"గిదెందుకు గీసిన్రు?"

"ముక్క గావాలె కాకా. గీ పక్క గోడకుంటదట గద" అన్నాడు వడ్రంగి.

"గీడ నేను నిలవడేటోన్ని" అన్నాడు బాపు. "బెల్లు గొడితె ఉరికొచ్చి గీడ్నే. సారు దస్కతులు వెట్టేదాక గీడ్నే. గిది నా జాగా."

ఆయన నడుము ఆనించి ఆనించి అరిగిన చోటు అది. బాపు బల్లను కొన్నాడా, ఆ పక్కను కొన్నాడా? నాకు ఇప్పటికీ తెలియదు.

"మరి ముక్క ఏడికెల్లి తియ్యాలె?"

బాపు వంగి సొరుగు కిందికి చూపించాడు. "సారు మోకాళ్లుండే కాడ తియ్యి. సార్లు వోయిన్రు, మోకాళ్లు గూడ వోయినయ్."

అంచు అతికింది. పాలిష్ కూడా పడింది. బాపు బల్ల కాళ్ల దగ్గర కూర్చొని చూస్తూ, "కడిగితె కడిగినవ్ గని, పసుపు గూడ పాయె గదరా" అన్నాడు. దానికి ఏమని సమాధానం చెప్పాలో మా చర్చి ఫాదర్‌ను అడిగినా దొరకదు.

ఎడమ పక్క గోడకు పోకూడదు కాబట్టి బల్ల ఇప్పుడు ముందు గదిలో అడ్డంగా ఉంది. తలుపు సగమే తెరుచుకుంటుంది. వచ్చినవాళ్లు పక్కకు తిరిగి లోపలికి రావాలి. కొత్త కుర్చీ వేసి, "బాపూ, గూసో" అన్నాను.

"నువ్వు గూసో."

కూర్చున్నాను. దిద్దాల్సిన నోట్‌బుక్కులు ముందు పెట్టుకున్నాను. బాపు ఎడమ పక్కకు వచ్చి, ఆ నున్నటి చోట నడుము ఆనించి, పైనున్న పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. దిద్దగానే తీసి, ఇంకోటి పెట్టాడు. ఆయన ముఖంలో అంత నెమ్మది నేనెప్పుడూ చూడలేదు. లేచి నిలబడాలో, సంతకం పెట్టాలో తోచలేదు.

"వెట్టు" అన్నాడు బాపు. "ఇంకా మస్తున్నయ్."

పెట్టాను.